గబ్బిలాలు వెళ్ళిపోయాక

గత వారం మనుమరాలికి గాజులు కొనేందుకు చార్మినార్ దగ్గరి ఒక సందులోకి వెళ్ళాను. తాళం వేసి ఉన్న ఒక పాత మేడ కింద నడుస్తుండగా పైనుంచి ఘాటైన వాసన వచ్చింది. ముందు నడిచేవాళ్ళు ముక్కుకు కొంగులు, రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను ఆగిపోయాను. అది గబ్బిలాల వాసన. దానితోపాటే సుగుణమ్మ గారు గుర్తుకు వచ్చారు.

ఆమె సంతోష్‌నగర్‌లో ఉండేవారు. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందాక, ఆదివారం సాయంత్రాలు పదిమందిని వెంటబెట్టుకుని పాతబస్తీలో గబ్బిలాలు ఎగిరే చోట్లు చూపించేవారు. నేను అప్పుడు నవాబుల కాలపు దేవిడీలో, అంటే పాత భవంతిలో, నడిచే ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. మా పై అంతస్తు హాలు ఏళ్ళ తరబడి గబ్బిలాల పాలై ఉంది. వానలు మొదలై బడి తెరిచిన వారంలోనే తల్లిదండ్రులు వాసన గురించి ఫిర్యాదు చేశారు. సోమవారం సాయంత్రం గోడ కన్నాలన్నీ మూయించేందుకు మేస్త్రీని కుదిర్చాను. ఆ ముందురోజు మా ఆవరణలో కూర్చునేందుకు సుగుణమ్మ గారు అనుమతి అడిగారు. వరుసల్లో కూర్చోవాలి, ఏడున్నరకు గేటు మూస్తాను అనే షరతులపై ఒప్పుకున్నాను.

పొద్దు కుంకాక కన్నాల అంచున రెక్కలు కదలసాగాయి. అప్పుడే ఇద్దరు సందర్శకులు వరుస తప్పి లేచారు. అలవాటుకొద్దీ ఈల ఊదాను. అంచుకు వచ్చినవన్నీ లోపలికి మాయమయ్యాయి. సుగుణమ్మ గారు గోడవైపే చూస్తూ మెల్లగా అన్నారు.

"సీటీ కొడితే లైన్ల నిలవడనీకి అవి మీ బడిల చేరలేదు సార్."

అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంతగా చిన్నబోయిన రోజు నాకు లేదు. పావుగంట తర్వాత గబ్బిలాలు మళ్ళీ మొదలయ్యాయి. ఒకటి, మూడు, ఆపైన కండెలోంచి నల్లదారం లాగినట్టు ఎడతెగని ధార. ఏ ఆజ్ఞా లేకుండా, ఒకదానికొకటి తగలకుండా సాగిన ఆ క్రమాన్ని చూసి నాకు అసూయ కలిగింది.

అంతా అయ్యాక నా ప్రణాళికను ఆమెకు కొంత గర్వంగానే వివరించాను. అన్నీ బయటికి వెళ్ళాకే కన్నాలు మూస్తామనీ, ఒక్క ప్రాణికీ హాని జరగదనీ చెప్పాను. ఆమె వచ్చినవారిని పంపించి, నన్ను మెట్లెక్కించి, హాలు తలుపు బయట నిలబెట్టారు. సంచిలోంచి ఒక చెక్క గొట్టం తీశారు. గర్భిణుల కడుపుకు ఆన్చి బిడ్డ గుండెచప్పుడు వినే పాతకాలపు గొట్టం అది. దాన్ని తలుపుకు ఆన్చి, నన్ను చెవి పెట్టమన్నారు.

ఖాళీ అనుకున్న హాలులోంచి సన్నని కీచుమనే గొంతులు, లెక్కలేనన్ని, వినిపించాయి.

"తల్లులు మేతకు పోయినయి సార్. పిల్లలకింకా ఎగరరాదు. రేపు మీరు కన్నం మూస్తే, ఇవి లోపట, అవి బయట."

ఎంతకాలం ఆగాలని అడిగాను.

"రెండు నెల్లు. ఫికర్ చేయకుండ్రి, వాసనకు ఎవ్వరు సావరు."

మరునాడు మేస్త్రీని వెనక్కి పంపాను. పాఠశాల కమిటీ ముందు నిలబడి, నేను తొందరపడ్డానని ఒప్పుకున్నాను. అలాంటి వాక్యం నా నోట అంతకుముందు ఎవరూ విని ఉండరు. నడుపుతున్నది పిల్లల బడా, గబ్బిలాల బడా అని అధ్యక్షుడు అడిగాడు. ఆ మాట సందంతా తిరిగింది. ఇద్దరు తండ్రులు తమ పిల్లల్ని మరో బడికి మార్చారు. రోజూ ప్రార్థనకు ముందే దగ్గరుండి వరండా కడిగించాను.

గడువు తీరాక సుగుణమ్మ గారే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. హాలు మా విద్యార్థులకు అవసరమని ఆమెకు తెలుసు, అందుకే మూయవద్దని అనలేదు. గబ్బిలాలు వెళ్ళిపోయాక నిచ్చెనెక్కి, ఒక్కో కన్నం దగ్గర చెవి ఆన్చి విని, ఆ తర్వాతే తల ఊపారు. నాలుగో కన్నం దగ్గర చెయ్యెత్తారు. మేస్త్రీ చేతిలో తాపీ ఆగిపోయింది.

"ఇది ఇయ్యాల గాదు భాయ్. నేను చెప్పినంక."

ఆ ఒక్క కన్నం మరో పదిరోజులు తెరిచే ఉంది.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. క్రమశిక్షణ మీద నా నమ్మకం నేటికీ చెక్కుచెదరలేదు. అయితే ఇంట్లో ఎవరైనా ఏం లేదని చెప్పి గదిలోకి వెళ్ళిపోతే, పూర్వంలా దాన్నే జవాబుగా తీసుకుని పత్రిక తెరవను. కాసేపు అక్కడే కూర్చుని, మళ్ళీ అడుగుతాను. మొన్న మా అబ్బాయి ఉద్యోగం పోయిన సంగతి నాకు అలాగే తెలిసింది.