ఏరు దాటిన కోడలు

ముక్తేశ్వరంలో ఈ పదేళ్ళలో లేచిన మేడల్లో సగానికి ప్లాను గీసింది విజయదుర్గ. కింద సంతకం మాత్రం ఎప్పుడూ ఎవరో ఒక ఇంజనీరుది, ఇప్పుడు ఉదయ్ కిరణ్‌ది. ఆమెది పాలిటెక్నిక్ డిప్లొమా, అతనిది ఇంజనీరింగు పట్టా. ముప్పై ఆరేళ్ళ మనిషి చుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని అమలాపురం వెళ్ళి, ఇరవై నాలుగేళ్ళ ఇంజనీరుగారు టిఫిన్ ముగించేదాకా బెంచీ మీద కూర్చోవాలి. అతను మంచివాడే. మెట్లు ఎటు తిరిగాయో కూడా చూడకుండా సంతకం గీకేసేవాడు. విజయదుర్గకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. ఒక్కసారైనా తప్పు పట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

డిప్లొమా ఉన్నవాళ్ళు ఒక పరీక్ష రాస్తే ఇంజనీరింగులో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. వయసు ఎవరూ అడగరు. వంట గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదివి, ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసి, ర్యాంకు వచ్చాక ఇంట్లో చెప్పింది. కొబ్బరికాయల వ్యాపారం చేసే భర్త గంగరాజు కాసేపు తల గోక్కుని, అమ్మనడుగుదాం అన్నాడు. ఆ ఇంట్లో ఏ సంగతైనా తేలేది సూరమ్మ దగ్గరే. చదువుకుంటాననే కోడల్ని అత్తగారు కాదంటుందని వీధి వీధంతా ఎదురుచూసింది. సూరమ్మ కాదనలేదు. ముందు ఆ కాలేజీలేవో చూసొద్దాం పదమంది.

పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూసిరావడం సూరమ్మకు తెలిసిన విద్య. చుట్టాల్లో పదిహేను సంబంధాలు అలా తేల్చిన మనిషి. కాలేజీకీ అదే పద్ధతి పెట్టింది. పట్టుచీర కట్టి, రెండు అరటిగెలలు, రెండు కొబ్బరిబోండాలు ఆటోలో వేయించింది. పదేళ్ళ మనవరాలు పింకీని ముందు కూర్చోబెట్టింది.

మొదటి కాలేజీ ఇటు ఒడ్డునే, బస్సులో ఇరవై నిమిషాలు. అద్దాల మేడ, లోపల ఏసీ. అడ్మిషన్ల గదిలో ఉన్నాయన సూరమ్మని, విజయదుర్గని, పింకీని వరసగా చూసి, జాయినయ్యే అమ్మాయి రాలేదా అండీ అని అడిగాడు. సూరమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి, అమ్మాయి ఇదేనండి అంది. ఆయన పాపం ఆవిడ ఇచ్చిన గెల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. మీ మేష్టార్లు ఊళ్ళోనే ఉంటారా, ఎన్నాళ్ళకొకసారి మారిపోతారు, హాస్టల్లో పెట్టిన కూర పిల్లలు వదిలేస్తారా తింటారా అని సూరమ్మ అడుగుతుంటే, ఆయన ఆయ్ ఆయ్ అంటూ చెమట తుడుచుకున్నాడు. తర్వాత ఆవిడ కాళ్ళు కడుక్కుంటానని పెరటివైపు నడిచింది. సంబంధాలకు వెళ్ళినప్పుడూ అంతే, నూతి గట్టూ అంట్లూ చూస్తే ఇంటి గుట్టంతా తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. తిరిగొచ్చి, ఇంటికెళ్ళి కబురు చేస్తామండి అని లేచింది.

"కాంక్రీటు పరీక్ష చేసే గది తాళానికి తుప్పు పట్టింది" అంది ఆటోలో. "కిటికీలోంచి చూసేను. మిషను పెట్టెలోంచి తీయనేలేదు."

రెండోది ఏటికి అవతల. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, అక్కణ్ణించి బస్సులో ముప్పావుగంట. గోడలు నాచు పట్టి ఉన్నాయి, ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. ల్యాబులో యేసురత్నం అనే పెద్దాయన, మోచేతుల దాకా సిమెంటు, కాంక్రీటు దిమ్మల్ని మిషనులో పెట్టి విరగ్గొడుతున్నాడు. సూరమ్మ మొహం చూసి మీట ఆవిడ చేతికిచ్చాడు. దిమ్మ ఫట్టుమంది. సూరమ్మ ఇంకోటి పెట్టమంది. మూడు దిమ్మలు విరిచాక గాని కదల్లేదు. మిగిలిన గెల యేసురత్నానికి దక్కింది.

విజయదుర్గ మనసు ఆ గదిలోనే ఉండిపోయింది. కానీ వరదొస్తే పంటు కట్టేస్తారు. తను అటు, పిల్ల ఇటు. పైగా ఏరు దాటించి పిల్లనివ్వకూడదన్నది సూరమ్మ పెట్టిన నియమం. ఎంత మంచి సంబంధమైనా అవతలి ఒడ్డుదైతే గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అందుకని కంప్యూటరులో కాలేజీల వరస పెట్టే రోజున విజయదుర్గ అద్దాల మేడనే ముందు పెట్టింది. పెడుతుంటే ఏడుపొచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు గనక ఏడ్చింది కూడా.

"మొదటేది పెట్టేవు?" వెనక నుంచి సూరమ్మ గొంతు.

"ఇటువైపుదేనండి అత్తయ్యగారూ. వరదొస్తే ఇబ్బంది కదండి. మీరూ ఏరు దాటించకూడదంటారు."

సూరమ్మ పీట లాక్కుని కూర్చుంది. ఆవిడ పుట్టిల్లు కోటిపల్లి. ఇక్కడి రేవులో నిలబడితే ఎదురుగా కనిపించే ఊరు. కాపురానికొచ్చిన నలభై ఆరేళ్ళలో అక్కడ వారం రోజులు వరసగా ఉన్నది లేదు.

"మా అమ్మ పోయినప్పుడు తొమ్మిది రోజులు పంటు కట్టేసేరు. రేవులో నుంచుని అటొడ్డున పొగ లేవడం చూసేను, అంతే. ఆ కోపంతోనే ఎవర్నీ దాటనివ్వలేదు. నా కోపానికి నువ్వెందుకే ఆ కుర్రాడి బెంచీ మీద ముసలిదానివవడం? వరదొచ్చిందంటే నాతో రా. మా తమ్ముడు కొండయ్య ఇంట్లో ఉందాం. పింకీని వాళ్ళ నాన్న చూసుకుంటాడు. కిందది పైకి పెట్టు."

విజయదుర్గ కిందది పైకి పెట్టింది. సీటు అక్కడే వచ్చింది.

క్లాసులు మొదలైన మూడో వారంలోనే గోదావరి పొంగింది. రేవులో మొదటి చాటింపు వినపడగానే సూరమ్మ అప్పటికే సర్ది ఉంచిన సంచితో, కోడల్ని వెంటబెట్టుకుని పంటు ఎక్కేసింది. కొండయ్య ఇంట్లో కోడలు పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వెళ్ళేది. అత్తగారు అరుగు మీద కూర్చుని చిన్ననాటి స్నేహితురాలు లోవమ్మతో పొద్దు పోయేదాకా కబుర్లు చెప్పేది. అవతల గంగరాజు పప్పుచారు కాయడం నేర్చుకున్నాడు. నాలుగో రోజుకి అందులో ఉప్పు వేయడం కూడా నేర్చుకున్నాడని పింకీ ఫోనులో చెప్పింది.

తొమ్మిదో రోజు సాయంత్రం విజయదుర్గ కాలేజీ నుంచి వచ్చేసరికి సూరమ్మ ఫోను స్పీకరులో పెట్టి కొడుకుతో మాట్లాడుతోంది.

"ఇంకా ఉధృతంగానే ఉందిరా. పంటు ఎప్పుడు వదులుతారో ఏంటో."

"అమ్మా, నేనూ పింకీ పంటు మీదే ఉన్నాం. సగం దాటేం" అన్నాడు గంగరాజు. "నిన్నటి నుంచీ తిప్పుతున్నారంట."

డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డ సూరమ్మ, దొంగతనం బయటపడ్డ పిల్లలా కోడలి వంక చూసింది. విజయదుర్గ ఫోను అందుకుంది.

"ఏవండీ, శనివారం దాకా నాకు ల్యాబ్ ఉందండి. అత్తయ్యగారు తోడు లేకపోతే కుదరదు. మీరు భోంచేసి వెళ్దురుగాని, పింకీ ఉంటే ఉంటుంది."

ఆ వారం ల్యాబేమీ లేదు. సూరమ్మ లోపలికెళ్ళి, కొడుక్కీ మనవరాలికీ బియ్యం ఎక్కువ పొయ్యమని మరదలికి చెప్పింది.