శరీరాన్ని వదిలేయమన్న సీడీ

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత, రోజూ నందికొట్కూరు నుంచి కర్నూలుకు బస్సులో వెళ్లి రేడియేషన్ పెట్టించుకుంటున్న రోజులవి. ఇల్లు చేరేసరికి బిందె కూడా ఎత్తలేనంత నీరసం. ఎంత పడుకున్నా తీరేది కాదు. ఆసుపత్రిలో నర్సు ఒక యోగా సీడీ ఇచ్చి, టీవీలో చూస్తూ చెయ్యమంది. వీధిలో మాత్రం నాకు టైఫాయిడ్ అని చెప్పుకున్నాం.

ఒక మధ్యాహ్నం మా ఆయన అంగడికి వెళ్లాక సీడీ పెట్టుకుని చాప మీద వెల్లకిలా పడుకున్నాను. "చేతులు వదిలేయండి, శరీరాన్ని పూర్తిగా వదిలేయండి" అని టీవీలో ఆమె మెల్లగా చెబుతుంటే నిజంగానే నిద్ర పట్టేసింది.

కళ్లు తెరిచేసరికి పక్కింటి మాబున్నీ నన్ను కుదుపుతూ ఏడుస్తోంది. ఎంత పిలిచినా పలకకపోతే ప్రాణం పోయిందనుకుందట. ఆమె కేకలకు గుమ్మం నిండా జనం చేరారు. పైట జారిపోయి, మెడ కింద రేడియేషన్ కోసం గీసిన ఇంకు గీతలు బయటపడ్డాయి. సిగ్గుతో ముడుచుకుపోయాను.

మాబున్నీ గబగబా నా కొంగు సర్ది, అందర్నీ పంపేసి తలుపు వేసింది.

"ఈ గీతలు క్యాన్సరోళ్లకు గీసేవి గదా. ఇంత జబ్బు పెట్టుకొని జొరమని చెప్తాండావా అక్కా?"

"అందరికీ చెప్పే ఓపిక లేదు మాబున్నీ."

ఆమె వచ్చి నా పక్కనే చాప మీద పడుకుంది.

"మళ్లా పెట్టు. నేనూ చేస్తా. నువ్వు నిద్రపోతే నేను మేలుకోని ఉంటా."

చికిత్స ముగిసేదాకా రోజూ వచ్చింది. నీరసం పూర్తిగా పోలేదు గానీ, జబ్బుకంటే దాన్ని దాచడానికే నేనెంత అలసిపోయానో ఆ మధ్యాహ్నమే తెలిసింది.