కూలి లేని కోళ్లగూడు

పామర్రులో బస్సు దిగేసరికి రోడ్డు పక్కన సరుగుడు కర్రలు కోస్తున్నారు. ఆ పచ్చి పొట్టు వాసనకి మా పెరట్లో కోళ్లగూడు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మా ఇంట్లో కోళ్లను రాత్రిపూట గంప కింద మూసేవాళ్లం. ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయాక నాన్న గూడు కడదామన్నాడు.

"కూలి ఎందుకు, మనవాళ్లే ఉన్నారుగా. వచ్చినోళ్లకి ఓ పూట భోజనం పెడితే సరి. రెండ్రోజుల పని" అని అమ్మకి చెప్పాడు.

హంసలదీవి నుంచి మావయ్య పాత వల తెచ్చాడు, ఇనప జాలీ కొనక్కర్లేదని. ఒకాయన కర్రలు పాతాడు, ఇంకొకాయన తాటాకు కప్పాడు. తలుపు వంకరొచ్చిందని విప్పి మళ్లీ బిగించారు. ఎండాకాలంలో మొదలైన పని వానలు వెనకబట్టేదాకా సాగింది. ఎవరొచ్చినా మధ్యాహ్నానికి ఇల్లంతా మసాలా వాసన.

ఒక్కో కోడీ కనపడకపోతుంటే అడిగాను, "గూడు అయ్యేదాకా గుడివాడ అత్తయ్య వాళ్లింట్లో ఉంటాయిలేరా" అంది అమ్మ. ఇల్లు కట్టుకునేటప్పుడు మనుషులు అద్దెకు వెళ్లినట్టే కాబోలు అనుకున్నాను.

గడియ బిగించిన రోజు అందరం భోజనాలకు కూర్చున్నాం. నా కంచంలోనూ ఒక కాలు ముక్క పడింది.

"అత్తయ్యతో చెప్పు నాన్నా, ఇక కోళ్లను పంపెయ్యమని" అన్నాను.

మావయ్య తన కంచంలో ముక్కని అన్నం కింద కప్పేశాడు. నాన్న మజ్జిగ తెమ్మన్నాడు.

ఆ గూటికి కూలి కింద పైసా ఇవ్వలేదని నాన్న ఇప్పటికీ చెప్తుంటాడు. నిజమే. అందులో అమ్మ చాన్నాళ్లు పిడకలు దాచుకుంది.