నాయన సంచిలో గ్లాసు

నాయన ఆళ్లగడ్డ మిషన్ బడిలో పంతులు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ‘అవుట్‌లా’ అనే ఇంగ్లీషు క్రియను ఆయనే నేర్పారు. చట్టం చేసి ఒక పనిని నేరం కింద లెక్కగట్టడం అని దానికి అర్థం. ఇంట్లో అమ్మ వద్దన్నదానికి ఈ మాట వాడకూడదు, సర్కారు వద్దనాలి అన్నారు. ప్రభుత్వం అంటరానితనాన్ని అవుట్‌లా చేసిందని ఇంగ్లీషులో చెప్పి, నా నోట్సులో పదిసార్లు రాయించారు.

ఆ వారమే నంద్యాలకు పోతూ మా ఊరి బస్టాండు పక్కన హోటలు ముందు ఆగాం. వాళ్ల గ్లాసుల్లో మాకు టీ పోయరు. నాయన సంచిలోంచి ఇంటి స్టీలు గ్లాసు తీసి చాపారు. హోటలాయన అది తగలకుండా పైనుంచి పోశాడు.

“చట్టం ఉండాదంటివి గదా నాయనా,” అన్నాను.

“ఉండాది. టీ చల్లారిపోతాది, తాగు పాపా.”

నాకు ఒళ్లు మండిపోయింది. తాగలేదు. ఆయన చక్కని ఇంగ్లీషు మీద కూడా కోపం వచ్చింది.

పందొమ్మిదివందల ఎనభైల్లో నాయన పోయారు. సమాధి చేసిన మర్నాడు నేను కావాలనే ఉత్త చేతులతో అదే హోటలుకు వెళ్లి టీ అడిగాను. హోటలాయన నన్ను గుర్తుపట్టాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

“నాయన పోయినాడంట గదమ్మా. దేవుడసుమంటి మనిషి,” అన్నాడు.

తర్వాత నా చేతుల వైపు చూసి, మెల్లిగా అడిగాడు.

“గ్లాసు తేలేదా?”