గుర్రం తొట్లో తవుడు

కూలిపనికి ఓడెక్కి వచ్చిన దీవిలో, వాయిలేవు చెరుకుతోట ఆస్పత్రిలో నేను మంత్రసాని పని నేర్చుకున్నది ఇద్దరి దగ్గర. ఒకరు మా కూలి లైన్లలో, అంటే కూలీల గదుల వరసల్లో ఉండే ముసలవ్వ, ఇంకొకరు తెల్ల నర్సు దొరసాని. అవ్వ చెప్పినట్టు చేస్తే దొరసాని తిట్టేది, దొరసాని చెప్పినట్టు చేస్తే అవ్వ నెత్తిన మొట్టేది. నీళ్లు కాచడం తప్ప ఆ ఇద్దరికీ కుదిరిన సంగతి ఒక్కటీ లేదు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఎండలో పార పట్టి చెరుకు గట్లు తవ్వేకంటే ఇద్దరి చేతా తిట్లు తినడమే హాయి. అయితే దొరసాని అప్పటికే రెండుసార్లు హెచ్చరించింది. ఇంకోసారి అవ్వ చెప్పే మురికి ఆచారాలు చేస్తే మళ్లీ పారే.

ఆ వారం మా లైన్లనుంచి పురిటికొచ్చిన ఒక అక్కకు అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. "ఈసారి బిడ్డని తవుడుకి అమ్మెయ్యాలే గుంటా, నేకపోతే దక్కడు," అని నా చెయ్యి పట్టుకుంది. మా వైపు ఆచారమది. బిడ్డను చేటలో వేసి, గుప్పెడు తవుడికి మంత్రసానికి అమ్మేస్తారు. నడక వచ్చేదాకా తల్లి "నా బిడ్డ" అనకూడదు. పరాయి బిడ్డనుకుని చావు పక్కకు తప్పుకుంటుందని నమ్మకం.

సరే, తవుడేదీ? తోట మొత్తానికి తవుడు తినేది ఒక్కటే, మా మీద పెత్తనం చేసే తెల్ల కులంబర్ గుర్రం. మిట్టమధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే దాని తొట్లో చెయ్యి పెట్టాను. కొంగు పట్టి లాగింది గానీ, అరవలేదు మహాతల్లి. దొరకంటే అదే నయం.

సాయంత్రం కాన్పయింది. అవ్వకు మోకాళ్లు పట్టేశాయి, దొరసాని టీ తాగడానికి వెళ్లింది. నేనే పట్టాను. నా చేతుల్లో పడ్డ మొదటి బిడ్డ, మగపిల్లాడు! గర్వంతో ఒళ్లు తెలియలేదు. అవ్వ చేయాల్సిన బేరం కూడా నేనే చేసి, చేటలో తవుడు పోసి బిడ్డను కొనేశాను.

దొరసాని పురుళ్లు రాసే పుస్తకం పట్టుకుని వచ్చింది. "ఈ కిస్కే బచ్చా?" అంది. బిడ్డ ఎవరిదని ప్రతి పురుడుకూ హిందీలో అడిగే ప్రశ్నే. అక్క మొహం తిప్పుకుని నన్ను చూపించింది.

"నాది కాదు. ఆ గుంటది."

దొరసాని నా పొట్ట వంక చూసింది. బిడ్డ వీపుకంటిన తవుడు చూసింది. నవ్వాపుకోలేక కిసుక్కుమన్నాను. అంతే, ఆమె మొహం కందగడ్డలా అయిపోయింది. రేపటినుంచి పారకి పొమ్మంది. అవ్వ బతిమాలింది, నేను కాళ్లు పట్టుకున్నాను. ఊహూ!

అప్పుడు అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"దొరసానమ్మా, ఆ గుంటని పంపీకు. తవుడు తెమ్మన్నది నానే. బిడ్డ నాదే. నా కడుపున పుట్టినోడే. రాసుకో."

అవ్వ ఆ మాటలు హిందీలో చెప్పింది. దొరసాని రాసుకుంది. నన్ను ఉండనిచ్చింది. అక్క బిడ్డను దగ్గరికి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా కోసం, వాడికి నడక రాకముందే 'బిడ్డ నాదే' అనేసింది కదా. నాకు సిగ్గూ భయమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. వాడు అడుగులు వేసేదాకా రోజూ పొద్దున్నే వాళ్ల గదికి పరుగెత్తి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాకే పనిలోకి వెళ్లేదాన్ని.