కోటబొమ్మాళి నుంచి వచ్చిన పెల్లెట్ స్టవ్వు

ఆ స్టవ్వు మా ఇంటికి వచ్చిన పొద్దున నేను పూరీలకి పిండి కలుపుతున్నాను. లగేజీ ఆటో ఒకటి వచ్చి హోటల్ ముందు ఆగింది. మా బావ ముందు సీట్లోంచి దిగి, పెళ్ళికూతుర్ని దింపుతున్నంత జాగ్రత్తగా వెనక తలుపు తీయించాడు.

బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు. చిన్నప్పటి పిలుపు పెళ్ళయ్యాక కూడా పోలేదు. పూండి స్టేషన్‌కి పోయే రోడ్డు మీద మాకో చిన్న టిఫిన్ హోటల్ ఉంది. నేనూ, బావా, బావకి అక్క అయిన మా వదినా, ముగ్గురమే నడుపుకుంటాం. వదిన చాలా ఏళ్ళు పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళింది. మోకాళ్ళు పట్టేశాక అది మానేసి మాతో ఉంటోంది.

"ఏటి బావా ఇది?"

"పెల్లెట్ స్టవ్వే. కోటబొమ్మాళిలో ఒక డాబా హోటలు మూసీసినారు. అక్కడ దొరికింది. పొగే రాదంట. నీ దగ్గు కోసమే తెచ్చాను."

దగ్గు మాట నిజమే. ఏళ్ళ తరబడి సరుగుడు కట్టెల పొయ్యి ముందు కూర్చుని నా ఊపిరితిత్తులు అరిగిపోయాయి. పొగకి దూరంగా ఉండమని టెక్కలి డాక్టరు గట్టిగానే చెప్పాడు. టిఫిన్ హోటల్ నడిపే మనిషి పొగకి ఎంత దూరం పోగలదో ఆయన చెప్పలేదు. అందుకని ఆ ఇనప డబ్బాని చూసి పైకి విసుక్కున్నా, లోపల కొంచెం ఆశపడ్డాను.

అది చూడ్డానికి నడుము ఎత్తు డ్రమ్ములా ఉంది. పక్కన గరాటులాంటి తొట్టి. అందులో పెల్లెట్లు పోస్తే జారి లోపలికి పడతాయి. అడుగున చిన్న బ్లోయరు. ప్లగ్గుకి పెట్టే చిన్న అడాప్టర్ నుంచి కరెంటు తీసుకుని అది తిరిగి, కింద నుంచి గాలి ఊదితే మంట లేస్తుంది. పెల్లెట్లంటే రంపపు పొట్టూ వేరుశనగ తొక్కా కలిపి మరలో గట్టిగా అదిమిన ముక్కలు. వదిన గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఇది దాణారా. ఆవుకి పెట్టీయండి," అంది.

కొబ్బరి పీచుతో నిప్పంటించి స్విచ్ వేశాం. మంట లేవలేదు. పొగ లేచింది. పసుప్పచ్చగా, చిక్కగా, కళ్ళలో కారం కొట్టినట్టు లేచింది. లోపల తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయారు. ఎదురుగా ఆటో స్టాండులో ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి, "హోటలు తగలబడిపోతందేటి?" అని అడిగారు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయి దగ్గుతూ కూర్చున్నాను.

బావ వెంటనే అమ్మినాయనకి ఫోన్ చేశాడు. "మా దగ్గర బాగానే మండీదండి. మీ పెల్లెట్లు సెమ్మగిల్లిపోయుంటాయి," అన్నాడట ఆయన. మా పక్క సముద్రపు గాలికి ఉప్పు డబ్బానే నీరు కారుతుంది కాబట్టి అది నిజమే అనుకున్నాం. స్టవ్వుతో తెచ్చిన పెల్లెట్ల బస్తా విప్పి మా ఇంటి డాబా మీద చాప పరిచి ఎండబెట్టాం. మధ్యాహ్నం హోటల్ కట్టేసి నేను కునుకు తీస్తుంటే చినుకు పడింది. లేచి పరిగెత్తేసరికి చాప మీద పెల్లెట్లు లేవు. ఉబ్బిన రంపపు పొట్టు ఉంది. ఉప్మా అడుగంటితే ఎలా ఉంటుందో అలా ఉంది. బావ దాన్ని కూడా చేత్తో పోగు చేయబోతే, "వదిలీ బావా, నీకు దండం పెడతాను," అన్నాను.

పలాస నుంచి కొత్త బస్తా వచ్చింది. ఈసారి మంట వచ్చింది. నేను మూకుడు పెట్టి నూనె పోశాను. నూనె కాగేలోపల మంట ముడుచుకుపోయి మళ్ళీ పొగ మొదలయింది. చల్లారాక వదిన అడుగు జల్లెడ పైకి తీసింది. దాని కన్నాలన్నీ నల్లగా గట్టిపడ్డ బూడిదతో మూసుకుపోయి ఉన్నాయి. కమ్మరి కొలిమిలో చిట్టెం కట్టినట్టు కట్టింది. మేకు పెట్టి ఒక్కో కన్నం పొడుస్తూ వదిన ఆ డాబా వాళ్ళ వంశాన్నంతా తిట్టింది. కన్నాలు తెరుచుకున్నాక కొంచెం మేలే. ఒక వాయి పూరీ వేగేది, రెండో వాయికి నూనె పీల్చుకుని అప్పడాల్లా పడుండేవి.

ఇక అక్కణ్ణించి మా హోటల్‌కి తినడానికి వచ్చేవాళ్ళ కంటే సలహా ఇవ్వడానికి వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. ఇడ్లీ తింటూ ఒకాయన తొట్టి వంపు తప్పంటాడు. ఇంకొకాయన టీ ఊదుకుంటూ, స్టవ్వు తూర్పు ముఖంగా పెట్టమంటాడు. పలాస నుంచి మోటార్లు బాగుచేసే మెకానిక్కుని పిలిపించాం. ఆయన స్విచ్ వేసి, బ్లోయరు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు.

"గాలి వత్తంది కదమ్మా. మోటారు బాగానే ఉంది. పొగ పోడానికి దారి లేదు. గొట్టం పెట్టించండి," అన్నాడు.

నేనూ చెయ్యి పెట్టి చూశాను. గాలి వస్తోంది. కాదనడానికి ఏముంది? బావ రేకు గొట్టం చేయించి, కప్పుకి కన్నం కొట్టించి పైకి పెట్టించాడు. పొగ ఇప్పుడు బుద్ధిగా గొట్టంలోంచి పోయి, పక్కింటావిడ ఆరేసుకున్న తెల్ల దుప్పట్ల మీద పడింది. ఆవిడ మాతో మాట్లాడ్డం మానేసింది. మంట మాత్రం అలాగే ఉంది.

ఆ రోజు నాకూ బావకీ పెద్ద గొడవైంది.

"నీకు పాత పొయ్యే ముద్దు. అందుకే దీన్లో అన్నీ తప్పులే కనపడతాయి," అన్నాడు.

"సరుగుడు కట్టెలకి నా కళ్ళొక్కటే మండీవి బావా. దీనికి రోడ్డు మీద పోయేవోళ్ళ కళ్ళు కూడా మండుతన్నాయి. ఇదేనేటి పొగ రాని స్టవ్వంటే?"

మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. నాకూ బాధేసింది. నా కోసం తెచ్చాడన్న సంగతి నాకు తెలుసు. అదే చిక్కు. వేరే ఎవరి కోసం తెచ్చినా నేను ఆ మాట ఇంకా సులువుగా అనేసి ఉందును.

దాని తరవాతి ఆదివారం మా చర్చి గుడిలో ఆరాధన అయ్యాక, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి వంట ఎవరు చేస్తారన్న మాట వచ్చింది. ఎప్పుడూ మేమే చేస్తాం. బావ లేచి నిలబడ్డాడు. "ఈసారి కట్టెలు అక్కర్లేదండి. అంతా మా పెల్లెట్ స్టవ్వు మీద వండీస్తాం. పొగుండదు, మసుండదు," అన్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న నేను బైబిల్ తెరిచి అందులో తల దూర్చేశాను.

ఇంటికి నడుస్తూ అన్నాను: "రోగం నయం కాకముందే సంఘంలో సాక్ష్యం సెప్పీసినావు బావా."

"దేవుడున్నాడు," అన్నాడు.

"దేవుడు బ్లోయర్లు బాగుచేస్తాడని ఏ అధ్యాయంలో ఉంది?"

వెనకాల వస్తున్న వదిన నవ్వాపుకోలేక రోడ్డు పక్కన నిలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం హోటల్ కట్టేశాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. స్టవ్వుని పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేసి, విందుకి మళ్ళీ కట్టెలు తెప్పిద్దామని. కానీ అంత జిడ్డుతో ఇస్తే పక్కవాళ్ళు కూడా మన వంటిల్లు ఇంతేననుకుంటారు. అందుకని బావా వదినా కలిసి పెరట్లో పనస చెట్టు కింద పెడితే, కొబ్బరి పీచూ సబ్బుపొడీ పెట్టి తోమడం మొదలుపెట్టాను. కోపమంతా చేతుల్లోకి వచ్చింది. డాబా నూనె, మసి, మా పొగ, అన్నీ పొరలు పొరలుగా ఊడుతున్నాయి. బ్లోయరు మీద నీళ్ళు పోయకుండా తడిగుడ్డతో తుడుస్తుంటే, దాని గుండ్రటి పెట్టె మీద ఏదో చేతికి తగిలింది. ఇంకొంచెం రుద్దాను. రేకులో అచ్చు కొట్టిన బాణం గుర్తు.

అప్పటికి దాన్నేమీ పట్టించుకోలేదు. లోపల బూడిద ఎగిరిపోతుందని వదిన వైరు ప్లగ్గులో పెట్టి ఒకసారి తిప్పి ఆపింది. జాలీ వెనక రెక్కల చక్రం నెమ్మదిస్తూ కనపడింది. బాణం ఇటు చూపిస్తోంది. చక్రం అటు తిరుగుతోంది.

"వదినా, ఇంకోపాలి వేసి ఆపు."

వేసి ఆపింది. అటే తిరిగింది.

బావని పిలిచి చూపించాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "తిరుగుతంది కదే. గాలి వత్తంది కదా. ఎటు తిరిగితే ఏటి?"

"కప్పుకి ఉన్న ఫేను ఎనక్కి తిరిగితే నీకు సెమట ఆరతాదా బావా?"

ఆయన వెళ్ళి టేపూ కత్తీ తెచ్చాడు. బ్లోయరు దగ్గర రెండు వైర్లకీ ఎవరో ఎప్పుడో కొత్తగా అతుకు వేశారు. టేపు కూడా వేరే రంగు. ప్లగ్గు తీసి, ఆ అతుకు విప్పి, వైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్చి కట్టాడు. మోటారు మీదకి వంగి, "సరే, వెయ్యి," అన్నాడు.

వదిన వేసింది. లోపల ఎక్కడో దాక్కున్న బూడిదంతా ఒక్కసారిగా లేచి బావ మొహాన కొట్టింది. మీసాలూ కనుబొమ్మలూ తెల్లబడి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. నోట్లో బూడిద పడి వెంటనే మానేశాడు.

నిప్పు పెట్టాం. పెల్లెట్లు పోశాం. కాసేపటికి గుయ్యిమని శబ్దం చేస్తూ మంట నిలువుగా లేచింది. పొగ లేదు. బిందెడు నీళ్ళు పెడితే చూస్తుండగానే సలసలమన్నాయి. వదిన "ఓలమ్మ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం సంతోషం వెంటనే రాలేదు. ముందు ఒళ్ళు మండిపోయింది. చాప మీద పెల్లెట్లు, కప్పుకి కన్నం, పక్కింటావిడ దుప్పట్లు, నేను దగ్గిన దగ్గు, ఇవన్నీ రెండు వైర్ల తేడాకా? ఎక్కడో ఒకడు తొందర్లో అతుకేసి చేతులు దులుపుకుని పోయాడు. మేం ఆ పొగంతా మింగాం.

అక్కడితో తీరిందా అంటే అదీ లేదు. మర్నాడు ఉప్మా మాడిపోయింది. ఆ మంట అంత జోరు. గాలి తగ్గించే బిళ్ళ ఎంత తిప్పాలో తెలిసేలోగా ఒక గిన్నె అడుగు ఊడిపోయింది. కానీ విందు నాటికి దాని గుణం నాకు పట్టుబడింది.

విందు రోజు గుడి వెనక కొబ్బరి చెట్ల నీడలో వంట పెట్టాం. అన్నం రెండు వాయిలు దిగింది. సాంబారు గుండిగ ఎక్కించాక కరెంటు పోయింది. బ్లోయరు ఆగింది. మంట కుంగి, పొగ సన్నగా మొదలయింది. లోపల ఆఖరి పాట పాడుతున్నారు. బావ నావైపు చూశాడు. ఆ చూపుకి నాకు జాలీ కోపం రెండూ కలిగాయి.

"ఆ అడాప్టర్ మీద పన్నెండు వోల్టులని ఉంది. ఆటో బేటరీ కూడా అంతే కదా?" అన్నాను.

సామాన్లు తెచ్చిన ఆటో పక్కనే ఉంది. బావ బ్యాటరీ విప్పుకొచ్చాడు. తొందర్లో వైర్లు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "ఆగు బావా. ఎర్రది ఎటో సూసి పెట్టు." చూసి పెట్టాడు. చక్రం బాణం వైపే తిరిగింది. సాంబారు ఉడికింది. జనం బయటికి వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయి. పక్కింటావిడ కూడా వచ్చి తింది. సాంబారు రెండోసారి పోయించుకుంది.

తిన్న తరవాత మగవాళ్ళంతా స్టవ్వు చుట్టూ మూగారు. బావ ఒక్కొక్కరికీ బిళ్ళ తిప్పి మంట పెంచి తగ్గించి చూపిస్తున్నాడు. నేను గిన్నెలు తోమించుకుని వచ్చేలోగా, మందసలో ఎవరిదో పెళ్ళికి దాన్ని పంపుతానని మాటిచ్చేశాడు.

"నన్నడగొద్దా?"

"మాటిచ్చీసినాను కదే. పెళ్ళికదా, ఎలా కాదంటాం?"

వదిలేస్తే అక్కడెవరో ఏ వైరు ఎక్కడ కలుపుతారో, ఏ తడి బస్తా పోస్తారో. మందస నుంచి లగేజీ ఆటో వచ్చిన రోజు స్టవ్వు ఎక్కించి తాళ్ళతో కట్టారు. నేను హోటల్ వదినకి అప్పగించి, పొడిచే మేకూ టేపూ చేతిసంచీలో వేసుకుని, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను. ఆ పెళ్ళివాళ్ళెవరో నాకు ముక్కూమొహం తెలీదు. బావ కిటికీ దగ్గరికి వచ్చి, "నివ్వెందుకే ఎల్లడం?" అన్నాడు.

"నోరు ముయ్యి బావా," అన్నాను. ఆటో కదిలింది.