నస్రీన్ నొక్కిన ఎడమ బటన్

మా చిన్నప్పుడు ఇంటి తాళంచెవి నల్లదారానికి కట్టి నా మెడలోనే వేసేవారు...

అమ్మ నంద్యాలలో నర్సు. శనివారం సాయంత్రం బస్సుకే ఆళ్లగడ్డ వచ్చేది. నాయన దొర్నిపాడు బడిలో అయ్యవారు, పొద్దుగూకితే గానీ ఇల్లు చేరేవాడు కాదు. బడి వదలగానే నేనే తాళం తీసుకుని, గిన్నెలో బొరుగులు పోసుకుని, గవాచి కింద కూర్చునేదాన్ని. మిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలిన కంతను గవాచి అంటాం. ఆ వెలుతురు నేల మీద నుంచి జరిగి జరిగి గోడ ఎక్కేదాకా ఇంట్లో ఇంకో అలికిడి ఉండేది కాదు...

అది కనిపెట్టి కాబోలు, నాయన ఓసారి వీడియోగేమ్ తెచ్చాడు. అరచేతిలో పట్టే పెట్టె. పైనుంచి ఇటుకలు రాలుతుంటే కుడికీ ఎడమకూ జరిపి పేర్చాలి. నెల తిరగకుండానే దాని ఎడమ బటన్ పనిచేయడం మానేసింది. ఇటుకలన్నీ కుడివైపే పోగుపడి రెండు నిమిషాల్లో ఆట అయిపోయేది.

ఎదురింటి నస్రీన్ వాళ్లకూ అచ్చం అలాంటిదే ఉండేది. వాళ్ల నాన్న ఖాదర్ మామ బస్టాండు దగ్గర గడియారాలు, రేడియోలు బాగుచేసేవాడు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు... గేమ్ నస్రీన్ చేతికి వచ్చేసరికి ఆదివారం కావాల్సిందే.

"ఏస్తేరూ, నీది బాగుందో నాది బాగుందో సూద్దాం పా" అంటూ ఓ ఆదివారం మా మిద్దె ఎక్కింది.

రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్ష చేశాం. నాదాంట్లో బొమ్మ స్పష్టం, ఎడమ బటన్ లేదు. తనదాంట్లో బటన్లన్నీ భేష్, బొమ్మే వెలిసిపోయింది. ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే తప్ప ఇటుక కనపడదు. నాది సెల్లులు తొందరగా తినేస్తుంది. తనదాంట్లో సెల్లు వదులు... సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి స్ప్రింగు కింద పెడితేనే వెలుగుతుంది. అయిపోయిన సెల్లులను ఎండబెట్టి ఇంకో పూట లాగేవాళ్లం.

చివరికి ఉపాయం నస్రీనే కనిపెట్టింది. పెన్సిల్ వెనక రబ్బరుతో బలమంతా పెట్టి నొక్కితే నా ఎడమ బటన్ కదిలేది! కానీ అలా నొక్కుతూ మిగతావి నొక్కడం ఒక్కరి వల్ల కాదు. అందుకని గేమ్‌ను నేల మీద పెట్టి, ఎడమకు తను, కుడికి నేను... భుజానికి భుజం ఆనించుకుని కూర్చునేవాళ్లం.

"ఎడమకూ... ఇంగోటి!" అని మొదట్లో అరిచేదాన్ని. కొన్నాళ్లకు ఆ అవసరం పోయింది. ఇటుక కనపడగానే ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ ఒకేసారి తట్టేది. రోజూ సాయంత్రం నస్రీన్ పెన్సిల్ పట్టుకుని వచ్చేది. ఆ ఏడాది నాకు ఇల్లంటే భయం పోయింది...

పరీక్షలు అయ్యాక నంద్యాలకు మారిపోదామన్నాడు నాయన. బయల్దేరే ముందురోజు గేమ్ పట్టుకుని నస్రీన్‌తో కలిసి ఖాదర్ మామ దుకాణానికి వెళ్లాను.

"నంద్యాలకు పోతాండారంట గదా పాపా... ఆడ దీన్ని ఎవురు నొక్కుతారు?" అన్నాడు మామ.

నేను మాట్లాడకముందే నస్రీన్ సంచిలోంచి తన గేమ్ తీసి బల్ల మీద పెట్టి వాళ్ల నాన్నతో అంది, "అబ్బా, నాది ఇప్పు. దీంట్లోది తీసి దానికెయ్యి."

"మళ్ల నీకు?"

"నాకు ఇంట్లో అందరుండారు. ఏస్తేరు ఒక్కతే ఉంటాది."

మామ రెండూ విప్పి, నా తెరను నస్రీన్ గేమ్ బటన్లతో కలిపి ఒకటి చేశాడు. ఎడమ బటన్‌కు వేలు తగలగానే ఇటుక జరిగిపోయింది! ఆ సంతోషంలో నాయనకు చూపించాలని ఇంటికి పరుగెత్తాను. నస్రీన్‌కు ఒక్క మాట చెప్పలేదు. ఆ క్షణంలో తన ముఖం ఎలా ఉందో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు... నేను చూడలేదు కాబట్టి.

నంద్యాలలో అమ్మ డ్యూటీకి, నాయన బడికి పోతే మళ్లీ నేనొక్కదాన్నే. గేమ్ మాత్రం ఏ లోపమూ లేకుండా ఆడేది. ఓ మధ్యాహ్నం మేమిద్దరం ఎప్పుడూ అందుకోలేని స్కోరు వచ్చింది. "చూడూ..." అని పక్కకు తిరిగాను. గోడ ఉంది.

పదిరోజులేమో ఆడాను. తరువాత ఆడబుద్ధి కాలేదు.

మరుసటి వేసవిలో నాయనతో ఆళ్లగడ్డ వెళితే మామ దుకాణంలో ఎవరో బట్టలు కుడుతున్నారు. ఎదురింట్లో కొత్తవాళ్లు.

"చాగలమర్రి పక్క పోయినారంట" అన్నాడు టీ కొట్టాయన.

"చాగలమర్రిలో యాడ?"

"ఏమో పాపా..."

ఇప్పటికీ కడప బస్సు చాగలమర్రిలో ఆగితే కిటికీలోంచి దుకాణాల బోర్డులన్నీ చదువుతాను.

ఈమధ్య చేతిలో పట్టుకుని ఆడుకునే కంప్యూటర్ ఒకటి కొన్నాను. అమ్మానాయనలు పోయాక నంద్యాల ఇంట్లో ఒక్కదాన్నే కదా... కొనేముందు నెలరోజులు వీడియోలు చూసి రెంటిని పోల్చాను. ఒకదాని తెర అద్భుతం, పెద్ద ఆట పెడితే రెండు గంటలకే చార్జింగ్ ఖాళీ. రెండోది ఎక్కువసేపు వస్తుంది గానీ బరువు, పైగా అక్షరాలు చీమల్లా ఉంటాయి. తెర బాగున్నదే తీసుకున్నా. వెలుగు తగ్గించి, బొమ్మల వేగం కాస్త తగ్గించి, పవర్‌బ్యాంకు తగిలిస్తే సాయంత్రమంతా నడుస్తోంది. వేడెక్కకుండా వెనక చిన్న స్టాండు పెట్టాను. ఉపాయాలన్నీ బాగానే పనిచేస్తున్నాయి...

మొన్న ఒక కొత్త ఆట తెరిచాను. ఇద్దరు కలిసి ఆడేదని తెలియలేదు. "రెండో వ్యక్తి బటన్ నొక్కాలి" అని తెర మీద వచ్చింది. ఆపేయకుండా చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

మీ పక్కన కూర్చుని ఆడినవాళ్లు ఎవరు? ఇప్పుడెక్కడున్నారో తెలిస్తే, ఈ కథ కింద వాళ్ల పేరు రాసేముందు ఒకసారి వాళ్లకు ఫోన్ చేయండి... నా దగ్గర నస్రీన్ నంబరు లేదు.